మానవపాడు నుంచి బాసరకు ఎన్ని పాయింట్ల దూరం?

మానవపాడులో ఉన్నత విద్యావకాశాల మీద జరిగిన ఒక సమావేశంలో మాట్లాడి బయటకు వస్తుంటే, ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పడకుండా దాచుకున్న పదో తరగతి మెమో. ‘‘సార్, నాకు ఏడు పాయింట్ ఏడే వచ్చింది. దీనికి యూనివర్సిటీలో సీటు ఇస్తారా?’’ అని అడిగింది. వేదిక మీద గంటసేపు మాట్లాడిన నాకు ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు దొరకలేదు. ఇస్తారు అంటే సగం నిజం. ఇవ్వరు అన్నా సగం నిజమే. ఆ రోజు ఆమెకు చెప్పగలిగింది కొంత చెప్పాను. చెప్పలేకపోయిన మిగతాది ఆమె కంటే ఎక్కువగా విధానాలు రూపొందించేవారు వినవలసినది.

ముందు ఆ మెమోను నింపాదిగా చదవాలి. తెలుగులో 10 పాయింట్లు, సాంఘికశాస్త్రంలో 9, సామాన్యశాస్త్రంలో 8, హిందీలో 8, గణితంలో 6, ఇంగ్లీషులో 5. మొత్తం 46. ఆరు సబ్జెక్టులతో భాగిస్తే 7.7. ఈ గ్రేడు పాయింట్ల పద్ధతిలో పదో తరగతి పూర్తిచేసిన చివరి బ్యాచ్ 2024ది. 2025 నుంచి తెలంగాణలో మళ్లీ మార్కులు ఇస్తున్నారు. కొలమానం మారింది గాని, కొలిచే వస్తువు మారలేదు. ఆ అమ్మాయి మెమోలో మొదటి నాలుగు అంకెలు ఆమె ఏం చేయగలదో చెబుతున్నాయి. చివరి రెండు అంకెలు ఆమె బడిలో ఏం లేదో చెబుతున్నాయి. గణితం చెప్పే ఉపాధ్యాయుడు బదిలీపై వెళ్లిపోతే, కొత్తవారు వచ్చేసరికి సంక్రాంతి దాటిందని ఆమే చెప్పింది. పాఠం చదివేటప్పుడు తప్ప ఇంగ్లీషు మాట చెవినపడని ఊరు ఆమెది. ఆమె శక్తిని, బడి లేమిని కలిపి సగటు తీసి, ఇదే నీ ప్రతిభ అని రాష్ట్రం ఆమె చేతిలో పెట్టిన సంఖ్య 7.7.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. 2011 జనాభా లెక్కలను కొత్త జిల్లాల ప్రకారం విడదీసి చూస్తే జోగుళాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతం. రాష్ట్రంలోని జిల్లాలన్నింటిలోకీ ఇదే తక్కువ. మానవపాడు మండలం ఉన్న ఆలంపూర్ శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయినది. నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానమూ అంతే. రెండు చట్టసభల్లోనూ దళిత ప్రతినిధులు ఉండి తీరవలసిన చోట సగం మందికి అక్షరాలు అందలేదన్న వాస్తవాన్ని గుర్తుంచుకుని మిగతా లెక్కలు చూడాలి.

నడిగడ్డ సీడు పత్తికి పేరుపొందింది. దేశంలో రైతులు కొనుక్కునే హైబ్రిడ్ పత్తి విత్తనాల్లో గణనీయమైన భాగం ఈ చేలల్లోనే తయారవుతుంది. ఆ తయారీ యంత్రాలతో అయ్యేది కాదు. సాయంత్రం పూట, మరునాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, దాని రేకులను, పుప్పొడి తిత్తులను వేలి గోరుతో ఒలిచివేయాలి. మరునాడు పొద్దున్నే మగ మొక్కల పూలు తెచ్చి ఆ మొగ్గలకు పుప్పొడి రాయాలి. దీన్నే ఇక్కడ క్రాసింగ్ అంటారు. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ మొగ్గ పనికిరాదు కాబట్టి ఆగస్టు మొదలు రెండు మూడు నెలల పాటు చేనికి ఎన్ని చేతులున్నా చాలవు. చిన్న వేళ్లయితే పని సున్నితంగా, చౌకగా అవుతుందన్న లెక్క ఈ వ్యవసాయంలో మొదటినుంచీ ఉంది. ఆర్గనైజర్ల దగ్గర అడ్వాన్సు తీసుకున్న రైతు కుటుంబం, ఆ రైతు దగ్గర కూలి అడ్వాన్సు తీసుకున్న మాదిగ, బోయ కుటుంబాలు, అన్నీ ఆ నెలల్లో ఒకే గొలుసులో ఉంటాయి. ఆ గొలుసు చివరి కొక్కెం బడి పిల్లల మెడకు తగులుకుంటుంది.

ఇక బడి క్యాలెండరు చూడండి. పదో తరగతిలో ప్రతి సబ్జెక్టులో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు బడిలో జరిగే నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలకు. వాటిలో మొదటి రెండూ వర్షాకాలంలో, అంటే క్రాసింగ్ ఊపు మీదున్న రోజులకు అటూ ఇటూ వస్తాయి. ఆ రోజుల్లో వారానికి మూడు రోజులు బడికి రాని పిల్ల ఆ 20లో పోగొట్టుకునే మార్కులు ఏ పబ్లిక్ పరీక్షలోనూ తిరిగి రావు. అదే సమయంలో పట్టణంలోని ప్రైవేటు బడిలో ఆ 20కి 20 పడడం ఎంత సులువో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. ఈ తేడా వల్లనే కావచ్చు, అంతర్గత మార్కులను రద్దు చేస్తామని 2024 నవంబరులో ప్రకటించిన ప్రభుత్వం ఆ ఏటికి దాన్ని వాయిదా వేసుకుంది. పై తరగతికి వెళ్లే మెట్టు ఎంత ఎత్తో నిర్ణయించేటప్పుడు పత్తి పూసే కాలాన్ని లెక్కలోకి తీసుకున్న అధికారి ఇంతవరకూ నాకు కనబడలేదు.

ఆ బడిలో మిగిలింది ఎవరన్నది అసలు కుల ప్రశ్న. నాలుగు డబ్బులున్న ఇళ్ల పిల్లలు చిన్న తరగతుల్లోనే తుంగభద్ర దాటి కర్నూలు హాస్టళ్లకో, హైదరాబాదుకో వెళ్లిపోయారు. జిల్లా పరిషత్ బడిలో మిగిలినవారు దళితులు, బోయలు, కురుమలు, చాకలి, మంగలి వంటి సేవాకులాల పిల్లలు, పేద ముస్లింలు. కర్నూలు వారికి గద్వాల కంటే దగ్గరైన పట్టణం. ఆసుపత్రికి, సంతకు, బట్టలకు అక్కడికే వెళ్తారు. చదువుకు మాత్రం అది ఇప్పుడు పరాయి రాష్ట్రం. విభజన చట్టం కల్పించిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది. పిల్లవాణ్ని ఏటి అవతల నాలుగేళ్లు చదివిస్తే ఇవతల స్థానికత ప్రశ్నార్థకమవుతుంది. వైద్యవిద్యలో ఈ స్థానికత వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్తోమత ఉన్నవారు ఆ లెక్క తెలుసుకుని హైదరాబాదు వైపు తిరుగుతారు. అప్పు చేసి కర్నూలు ప్రైవేటు బడికి పంపిన చిన్న రైతుకు అది సీటు పోయాక తెలుస్తుంది.

పదో తరగతి ఫలితాలతోనే నేరుగా ప్రవేశం కల్పించే రాష్ట్ర విశ్వవిద్యాలయం తెలంగాణలో ఉంది. బాసరలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం మాటల్లో బాసర ట్రిపుల్ ఐటీ. 2008లో గ్రామీణ ప్రతిభావంతుల కోసమని పెట్టిన విద్యాసంస్థ. ఆరేళ్ల సమీకృత ఇంజినీరింగ్ చదువు, అక్కడే వసతి. అందులో ప్రవేశానికి ఒక గొప్ప సూత్రం ఉంది. వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్ బడుల్లో చదివిన పిల్లల జీపీఏకు 0.4 కలిపేవారు. దాన్ని డిప్రివేషన్ స్కోరు అంటారు. ఒక విశ్వవిద్యాలయం తన ప్రవేశ నిబంధనల్లోనే ‘మార్కు అంటే ప్రతిభ మాత్రమే కాదు, బడి కూడా’ అని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. రిజర్వేషన్ల మీద దశాబ్దాలుగా సాగుతున్న వాదోపవాదాల్లో మనం చెబుతూ వచ్చిన మాటను అక్కడ ఒక దశాంశంగా రాశారు.

కానీ ఆ దశాంశం విలువ ఎంతో లెక్క కట్టారా? జీపీఏ ఆరు సబ్జెక్టుల సగటు కాబట్టి సగటులో 0.4 అంటే మొత్తంలో 2.4 పాయింట్లు. ఒక సబ్జెక్టులో ఏ1 బదులు ఏ2 వస్తే పోయేది ఒక పాయింటు. అంటే మానవపాడు జిల్లా పరిషత్ బడికీ, హైదరాబాదు కార్పొరేట్ బడికీ మధ్య ఉన్న దూరమంతా కలిపి రెండు సబ్జెక్టుల్లో ఒక్కొక్క మెట్టు మాత్రమేనని మన రాష్ట్రం నిర్ధారించింది. మా అమ్మాయి మెమోలో గణితం ఒక్కటే ఏ1కు నాలుగు మెట్లు కింద ఉంది, ఇంగ్లీషు అయిదు మెట్లు. ఆమె 7.7కు 0.4 కలిపితే 8.1. 2024లో రాష్ట్రంలో 10కి 10 జీపీఏ వచ్చినవారే 8,883 మంది. బాసరలో సీట్లు సుమారు 1,500. ఆమె దరఖాస్తు చేసింది. 8.1 ఆ జాబితా దరిదాపులకు కూడా వెళ్లలేదు.

ఈ సంఖ్యల మీద మనకున్న భక్తి ఎంత ఆధారం లేనిదో 2021 చూపించింది. కొవిడ్ వల్ల పబ్లిక్ పరీక్ష జరగక, బడిలో వేసిన మార్కులతోనే గ్రేడ్లు ఇచ్చినప్పుడు 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి 10 జీపీఏ వచ్చింది. ఆ ఏడు బాసర ప్రవేశాలను పాలిసెట్ ర్యాంకులతో జరపవలసి వచ్చింది. ఒక్క ఏడాదిలో అంతమంది అకస్మాత్తుగా ప్రతిభావంతులు కాలేదు. సంఖ్యను తయారుచేసే యంత్రాంగం మారింది, సంఖ్య మారింది, అంతే. యంత్రాంగం ఎవరి చేతిలో ఉంటే సంఖ్య వారివైపు మొగ్గుతుంది.

రిజర్వేషన్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఉండి తీరాలి. అవి లేకపోతే ఆ 1,500లో మన పిల్లలు వేళ్ల మీద లెక్కకు వచ్చేవారు. అయితే వాటి పరిధి ఎంతో కూడా లెక్కించుకోవాలి. ఆ అమ్మాయి మాదిగ. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని తీర్పు ఇచ్చాక, తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల 15 శాతాన్ని 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులకు విభజించింది. మాదిగలున్న రెండో గ్రూపు వాటా 9 శాతం. స్థూలంగా 1,500 సీట్లలో 135. అందులో మూడో వంతు ఆడపిల్లలకు అంటే 45. రాష్ట్రంలో మండలాలు 600 పైచిలుకు. ముప్పై ఏళ్ల దండోరా ఉద్యమం సాధించిన న్యాయం ఆ 45 సీట్ల దాకా వచ్చి, అక్కడి నుంచి మళ్లీ అదే మార్కుల వరుసలో నిలబడుతుంది. ఆ వరుసలో ముందున్నది ఎవరు? అదే కులంలో మొదటి తరం ఉద్యోగస్థుల పిల్లలు, పట్టణంలో చదివినవారు. వారిని నేను తప్పుపట్టడం లేదు. ఎన్నో తలుపులు తట్టి వచ్చినవారే వారు కూడా. కులంలోపలి అసమానతను గుర్తించడానికి మనకు ఇంతకాలం పట్టింది. ఊరికీ పట్టణానికీ నడుమ ఉన్న అసమానత గుర్తింపు ఇంకా 0.4 దగ్గరే ఆగి ఉంది.

ఆమె వెంట వచ్చిన సహాధ్యాయి బోయ కులస్థుడు. వాల్మీకి బోయలు తెలంగాణలో బీసీ-ఏ. నడిగడ్డకు పడమట సరిహద్దు దాటి రాయచూరు వైపు వెళ్తే అదే సామాజిక వర్గం నాయక, వాల్మీకి పేర్లతో షెడ్యూల్డు తెగ. పెళ్లి సంబంధాలు కలిసిన బంధువుల ఇళ్లలో ఒక పిల్లవాడు ఎస్టీ, మరొకడు బీసీ. ఒకే జీపీఏకు సరిహద్దుకు అటూ ఇటూ రెండు భవిష్యత్తులు. వాల్మీకి బోయలను ఎస్టీ జాబితాలో చేర్చాలని తెలంగాణ శాసనసభ 2023 ఫిబ్రవరి 10న తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఇప్పటికే ఎస్టీలుగా ఉన్న తెగల్లో ఈ తీర్మానం మీద ఆందోళన ఉంది. ఆ ఆందోళన కూడా సహేతుకమే, ఎందుకంటే సీట్ల మొత్తం పెంచకుండా వరుసలో మనుషులను పెంచితే పేదలు పేదలతో తలపడవలసి వస్తుంది.

అయినా ఆ అమ్మాయికి ‘ఇస్తారు’ అని నేను చెప్పగలిగిన సగం నిజం కూడా ఉంది. అది మన విద్యార్థులకు సరిగా చేరడం లేదు కాబట్టి వివరంగా చెబుతాను. రాష్ట్ర విశ్వవిద్యాలయాల తలుపు పదో తరగతి దగ్గర ఒక్కసారే తెరుచుకుని మూతపడేది కాదు. ఎప్‌సెట్ ఇంజినీరింగ్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఒకప్పుడు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఇప్పుడు లేదు. ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉంటే అర్హత వస్తుంది. ఆ తరువాత ర్యాంకే నిర్ణయిస్తుంది. డిగ్రీకి ‘దోస్త్’ ద్వారా ఇంటర్ మార్కుల మీద సీట్లు ఇస్తారు. అక్కడ మంచి కళాశాల దొరకడం మార్కుల మీద ఆధారపడినా, సీటే దొరకని పరిస్థితి లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది పీజీ. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు తదితర విశ్వవిద్యాలయాలకు కలిపి జరిగే సీపీగెట్‌లో, కనీస అర్హత ఉన్న విద్యార్థికి ర్యాంకు వచ్చేది ప్రవేశ పరీక్షతోనే. డిగ్రీలో 6.2 వచ్చినవారూ 9.2 వచ్చినవారూ ఆ తొంభై నిమిషాలకు సమానులే. పాత మెమోలు మీ మీద ఇచ్చిన తీర్పును తిరగరాసుకునే హక్కు అక్కడ ఉంది. పదో తరగతి జీపీఏ చూసి యూనివర్సిటీ నాకు కాదనుకుని చదువు ఆపేసిన పిల్లలు ఎంతమందో తలచుకుంటే, ఈ ఒక్క సమాచారం ప్రతి ఉన్నత పాఠశాల గోడ మీద రాయించాలనిపిస్తుంది.

ఈ తలుపుల వెనుక మళ్లీ గడపలున్నాయి. వాటినీ దాచకూడదు. ఎప్‌సెట్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి ర్యాంకుతో సంబంధం లేకుండా ఫీజు రీయింబర్స్‌మెంట్ పూర్తిగా వర్తిస్తుంది. బీసీ విద్యార్థికి సాధారణంగా ర్యాంకు 10 వేలు దాటితే ప్రభుత్వం ఇచ్చేది 35 వేల రూపాయలే, మిగతాది ఇంటివారు కట్టాలి. అంటే ఆ బోయ అబ్బాయికి తక్కువ మార్కు ఒక అప్పుపత్రంగా మారుతుంది. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడంతో ప్రైవేటు డిగ్రీ కళాశాలలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. పీజీ ప్రవేశాల వేళ సర్టిఫికెట్ల పరిశీలన బల్ల వద్ద కూర్చున్న సంవత్సరాల్లో, మంచి ర్యాంకుతో వచ్చి, టీసీ చేతికి రాక, గడువు తేదీ సాయంత్రం దాకా ఫోన్లు చేస్తూ వరండాలో నిలబడిన పిల్లలను నేను చూశాను. బాకీపడింది ప్రభుత్వం, తాకట్టు పడింది విద్యార్థి. ఇక పీజీ తరువాత జీపీఏ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. నెట్‌కు, పీహెచ్‌డీకి, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి పీజీలో 55 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీ, సంపన్నశ్రేణి కాని ఓబీసీలకు 50 శాతం. కాబట్టి సీపీగెట్‌లో గతాన్ని దాటి వచ్చిన విద్యార్థి, విశ్వవిద్యాలయంలో తొలి సెమిస్టరులోనే నిలదొక్కుకోవాలి. అక్కడ బోధన ఇంగ్లీషులో, పుస్తకం ఇంగ్లీషులో, జవాబు ఇంగ్లీషులో. మెమోలో 5 వచ్చిన ఆ సబ్జెక్టు అయిదేళ్ల తరువాత మళ్లీ ఎదురై నిలుస్తుంది.

తక్కువ మార్కుల వారికి చోటిస్తే ప్రమాణాలు పడిపోతాయనే వాదన ఈ పేజీ పాఠకులకు కొత్త కాదు. 1907లో బొంబాయిలో ఒక మహర్ విద్యార్థి మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. వచ్చిన మార్కులు 750కి 282. అంటే 37.6 శాతం. ఈనాటి మన గ్రేడుల్లో అది డి. ఆ మార్కుల కాగితం దగ్గరే ఆగిపోకుండా బరోడా సంస్థానాధీశుడు సయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయల ఉపకార వేతనం ఇచ్చి కళాశాల చదువు చదివించాడు, ఆ తరువాత కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపించాడు. ఆ విద్యార్థి భీమ్‌రావు అంబేడ్కర్. ఇక్కడ గమనించవలసింది అంబేడ్కర్ అసాధారణుడన్న సంగతి ఒక్కటే కాదు. అంతటి అసాధారణుణ్ని కూడా పరీక్ష కొలవలేకపోయిందన్నది అంతకంటే ముఖ్యం. చాల్‌లోని ఒక్క గదిలో చదివిన చదువును ఆ 282 కొలిచింది, అతన్ని కాదు. బహిరంగ పోటీ పరీక్షలో వచ్చిన మార్కులకే ప్రతిభను కుదించలేమని, ఆ మార్కుల వెనుక కుటుంబం, చుట్టూ ఉన్న వాతావరణం, వారసత్వంగా వచ్చిన సామాజిక పెట్టుబడి ఉంటాయని 2022 జనవరిలో మెడికల్ పీజీ ఓబీసీ రిజర్వేషన్ల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భారతీయ రైల్వేలో రిజర్వేషన్ల ప్రభావాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ ఉత్పాదకత తగ్గినట్టు ఆధారమేదీ లేదని తేల్చారు. నా తరగతి గదిలో నేను చూసింది అధ్యయనం కాదు గాని, తొలి సెమిస్టరులో వాక్యం పూర్తిచేయలేక తడబడిన పల్లెటూరి పిల్లలు మూడో సెమిస్టరుకు తరగతిలో ముందు వరుసకు రావడం ఏటా చూస్తూనే ఉన్నాను.

మరి చేయవలసింది ఏమిటి? ఇతరులు చేసి చూపించిన మార్గాలు ఉన్నాయి. అమెరికాలోని టెక్సాస్‌లో జాతి ప్రాతిపదికన ప్రవేశాలు చెల్లవని 1996లో ఫెడరల్ కోర్టు చెప్పాక, మరుసటి సంవత్సరమే అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలోని ప్రతి ఉన్నత పాఠశాలలో తన తరగతిలో మొదటి పది శాతంలో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సీటు ఖాయం. ఆస్టిన్ విశ్వవిద్యాలయానికి ఆ వాటాను తరువాత తగ్గించినా సూత్రం మిగిలింది. విద్యార్థిని రాష్ట్రమంతటితో కాదు, అదే బడిలో అవే లేముల మధ్య చదివిన తోటివారితో పోల్చాలన్నదే ఆ సూత్రం. అది మనకు రిజర్వేషన్ల స్థానంలో కాదు, రిజర్వేషన్లకు తోడుగా కావాలి. మన పక్కనే తమిళనాడు 2020లో ప్రభుత్వ బడుల విద్యార్థులకు వైద్యవిద్యలో 7.5 శాతం సీట్లు ప్రత్యేకించింది. మరుసటి ఏడు దాన్ని ఇంజినీరింగ్ వంటి వృత్తివిద్యలకు విస్తరించింది. ఆ వాటా ప్రతి సామాజిక వర్గంలోపలా సమాంతరంగా అమలవుతుంది. అందువల్ల కుల న్యాయానికి భంగం లేకుండా ఊరి బడికి న్యాయం చేరుతుంది.

తెలంగాణలో ఇది కొత్తగా కనిపెట్టవలసిన పని కాదు, 0.4తో మనమే మొదలుపెట్టిన పని. జీపీఏ పోయి మార్కులు వచ్చిన ఈ కాలంలో ఆ సూత్రం పలచబడకూడదు, చిక్కబడాలి. అన్ని ప్రభుత్వ బడులకూ ఒకే దశాంశం కలపడం కూడా సరికాదు. అక్షరాస్యత సగం దాటని జిల్లాకూ హైదరాబాదుకూ ఒకే తూకం ఎలా సరిపోతుంది? జిల్లా అక్షరాస్యతను, బడిలో సబ్జెక్టు ఉపాధ్యాయుల ఖాళీలను బట్టి ఆ స్కోరును మార్చాలి. ప్రతి వర్గం కోటాలోనూ కొంత భాగాన్ని మండలాల వారీగా ప్రభుత్వ బడుల్లో ముందు నిలిచినవారికి కేటాయించాలి. ఆ స్కోరు ఇప్పుడు వసతి లేని బడులకే పరిమితం. క్రాసింగ్ పనినుంచి తప్పించడానికే ఆడపిల్లను తల్లి గురుకులంలో చేర్పిస్తే, ఆ పిల్ల దానికి అర్హత కోల్పోతుంది. ఈ వైరుధ్యాన్ని సరిదిద్దాలి. రీయింబర్స్‌మెంట్ బకాయిలకు విద్యార్థి సర్టిఫికెట్లను ఆపడం శిక్షార్హం కావాలి. పీజీలో చేరిన ప్రతి తెలుగు మాధ్యమ విద్యార్థికి తొలి సెమిస్టరులో భాషా తోడ్పాటు పాఠ్యప్రణాళికలో భాగం కావాలి. అది ఎవరి దయాదాక్షిణ్యమో కాకూడదు. ఇక అన్నిటికంటే ముందు, నడిగడ్డ బడుల్లో ఉపాధ్యాయుల బదిలీలు విద్యాసంవత్సరం నడుమ జరగకూడదు. సీటు దగ్గర దిద్దే తప్పు కంటే బడి దగ్గర జరగనివ్వని తప్పు మేలు.

మానవపాడు రైతులకు ఆర్డీఎస్ కాలువ కథ తెలుసు. రాజోలిబండ వద్ద తుంగభద్ర నుంచి బయలుదేరిన నీరు కాగితం మీద 87,500 ఎకరాలకు పారుతుంది. నేల మీద మాత్రం చివరి ఆయకట్టుకు చేరేసరికి కాలువ ఎండిపోతుంది. తలమీద ఉన్నవారు మళ్లించుకోగా మిగిలింది చివరివారికి. విశ్వవిద్యాలయపు సీట్లు కూడా అలాంటి నీళ్లే. చివరి చేనువాడు ‘నాకు దాహం తక్కువ’ అని ఎప్పుడూ అనలేదు, అతని దాకా నీళ్లు రాలేదు. ఆ తేడాను 7.7 అనే సంఖ్య చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయికి సీపీగెట్ గురించి, ఎప్‌సెట్ గురించి ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆమె దాన్ని ఆ ప్లాస్టిక్ కవరులోనే, మెమో పక్కన పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ ‘‘ఇంగ్లీషు ఎట్లా నేర్చుకోవాలి సార్?’’ అని అడిగింది. ఆమె చేయవలసిన పని ఏమిటో ఆమెకు తెలుసు. చేయవలసిన మిగతా పని ఆమెది కాదు, విశ్వవిద్యాలయాల్లో కూర్చున్న మాది, సచివాలయంలో కూర్చున్నవారిది.